రాయి నొప్పి - రక్తం మాత్ర

ఉండి దగ్గర ఒక గ్రామం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు.

"డాక్టరు గారికి నమస్కారములు. మావారికి యాభై రెండేళ్ళు. చేపల చెరువుల మీద పని. చిన్నతనంలో కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె కవాటం పాడైపోతే 2016లో హైదరాబాదులో ఆపరేషన్ చేసి మెటల్ వాల్వు వేశారు. అప్పటి నుంచి రోజూ రాత్రి ఎసిట్రోమ్ మాత్ర వేసుకుంటున్నారు. పోయిన నెల ఎడమ డొక్కలో భరించలేని నొప్పి వచ్చింది. స్కానింగ్ తీసి మూత్రనాళంలో 7 మిల్లీమీటర్ల రాయి వుందన్నారు. ఆ రక్తం మాత్ర మానేస్తేనే గాని రాయికి వైద్యం కుదరదని ఒకరంటున్నారు. మా ఆడపడుచు భర్త కొండపిండాకు కషాయం తాగితే కరిగిపోతుందంటారు. ఈసారి నొప్పి వస్తే కబురు చేయండి, నడుముకి ఇంజక్షన్ చేస్తానని మా ఊరి డాక్టరుగారన్నారు. ఇంకో మూడు నెలల్లో అమ్మాయి పెళ్ళి. అది అయ్యేదాకా ఆపరేషన్ ఆపవచ్చునా?"

అమ్మా, పెళ్ళి సంగతి మీరు ఆఖరున అడిగారు, నేనూ ఆఖరునే చెబుతాను. ముందుగా చెప్పవలసింది మీరు ప్రశ్నగా అడగని విషయం. ఆ నడుముకి చేసే ఇంజక్షన్ దయచేసి చేయించవద్దు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆ తప్పు నేను స్వయంగా చేశాను. సర్వీసులో చేరిన కొత్తలో కొల్లేరు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తుండేవాణ్ణి. వానాకాలం. గట్టు మీద దారి మునిగిపోయి, ముప్ఫై అయిదేళ్ళ ఇల్లాలిని దోనెలో తీసుకొచ్చారు. మనిషి మెలికలు తిరిగిపోతోంది. డొక్కలో మొదలై గజ్జల్లోకి దిగే నొప్పి, వాంతులు, మూత్రం ఎర్రగా. పుస్తకంలో రాసినట్టే వుంది, రాయి నొప్పే. ఇంకేం ఆలోచించలేదు. డైక్లోఫినాక్ ఇంజక్షన్ నడుముకి చేశాను. అరగంటలో నొప్పి తగ్గింది. ఆమె భర్త రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి తీసుకెళ్ళాడు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే దోనెలో తెచ్చారు. సూది గుచ్చిన చోటు నుంచి తొడ దాకా వాచిపోయి నల్లగా తాటిపండులా వుంది. కాలు ముడవలేకపోతోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు అడిగాను, "ఏమన్నా మాత్రలు వాడుతున్నారా?" అని. "గుండెకి వేసుకుంటదండి" అని ఆయన సంచిలోంచి మడతలుపడ్డ పుస్తకం తీశాడు. వాల్వు ఆపరేషన్ అయిన మనిషి! గుండెల మీద నిలువునా కుట్ల మచ్చ వుంది. రాత్రి దీపం వెలుతురులో నేను చూడలేదు, అడగనూ లేదు. రాయికీ గుండెకీ ఏం సంబంధమని వాళ్ళు చెప్పలేదు. ఏలూరు పెద్దాసుపత్రికి పంపితే రెండు సీసాల రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఆమె బతికింది. తరువాత ఎప్పుడో సంతలో కనిపించి, "డాక్టరు బాబూ, బాగున్నారా" అని ఆప్యాయంగా పలకరించింది కూడా. ఆ పలకరింపు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే వుంటుంది.

ఆ మాత్ర వేసుకునేవాళ్ళకి కండలోకి సూది దిగితే, లోపల చిట్లిన చిన్న రక్తనాళం త్వరగా మూసుకోదు. బొట్టు బొట్టుగా కారుతూ గంటల తరబడి కండ నిండా నెత్తురు చేరుతుంది. అది ఒక ఎత్తు. ఆ సూదిలో వుండే మందు ఇంకో ఎత్తు. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, కీటోరోలాక్ - వోవెరాన్ అనో బ్రూఫెన్ అనో మందుల షాపులో అడిగి కొనుక్కునే ఈ జాతి మాత్రలన్నీ జీర్ణకోశపు లోపలి పొరని ఒరిపిడి పెడతాయి. మామూలు మనిషికి కడుపులో మంటతో పోయేది, మీ వారిలాంటివారికి నల్లటి విరేచనాలుగా, రక్తపు వాంతిగా మారవచ్చు. పైగా రాయి అడ్డుపడి ఇప్పటికే ఇబ్బంది పడుతున్న మూత్రపిండానికి ఈ మందులు మరింత భారం.

మీ ఊరి డాక్టరుగారిని నేను తప్పుపట్టడం లేదు. మామూలు మనిషికి రాయి నొప్పి వస్తే మేమూ ముందు ఆ ఇంజక్షనే ఇస్తాం, అంత బాగా పనిచేస్తుంది కూడా. మీవారి మాత్ర సంగతి ఆయనకి తెలియాలి, అంతే. ఇవాళే వెళ్ళి చెప్పండి. ఒక చిన్న కాగితం మీద "రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ వాడుతున్నాను, గుండెలో మెటల్ వాల్వు వుంది, కండకి ఇంజక్షన్ చేయవద్దు" అని రాసి మీవారి సెల్‌ఫోన్ కవరు వెనక పెట్టండి. చెరువు గట్టు మీద నొప్పి వచ్చి పడిపోతే పక్కవాళ్ళు ముందు వెతికేది ఆ ఫోనే.

మరి నొప్పికి ఏం చేయాలి? పారాసెటమాల్ మాత్ర వేయవచ్చు, వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టవచ్చు. దానికి లొంగకపోతే ఆసుపత్రికి రావాలి. అక్కడ పారాసెటమాల్‌నే సెలైన్‌లా నరానికి ఎక్కిస్తాం, అవసరమైతే అంతకంటే బలమైన మందులు దగ్గరుండి ఇస్తాం. పారాసెటమాల్ కూడా రోజుకి మూడు నాలుగు చొప్పున వరసగా కొన్నాళ్ళు వాడితే రక్తం గడ్డకట్టే తీరు మారుతుంది. అలా వాడవలసి వస్తే ఐ.ఎన్.ఆర్. పరీక్ష ముందుగానే చేయించుకోవాలి.

ఇక "ఆ రక్తం మాత్ర మానేస్తే" అన్నవారి మాట.

నిజానికి ఈ మాత్ర రక్తాన్ని పల్చన చేయదు. మజ్జిగలో నీళ్ళు పోసినట్టు అనుకుంటారు చాలామంది. రక్తం చిక్కదనం అలాగే వుంటుంది. గడ్డకట్టడానికి కావలసిన కొన్ని పదార్థాలని కాలేయం విటమిన్ 'కె' సాయంతో తయారుచేస్తుంది. ఈ మాత్ర ఆ సాయానికి అడ్డుపడుతుంది. అందుచేత గడ్డకట్టడానికి ఆలస్యమవుతుంది.

మన డెల్టా రైతులకి ఇది పాత చుట్టమే. వరిచేలల్లో ఎలుకల బొరియల్లో నూకలు, నూనె కలిపి పెట్టే బ్రొమాడియోలోన్ మందు వుంది చూశారూ, అది ఈ కుటుంబంలోదే. 1920ల్లో అమెరికా, కెనడాల్లో పశువులు చిన్న గాయానికే నెత్తురు ఆగక చచ్చిపోయేవి. బూజుపట్టిన ఒక రకం మేత తినడం వల్లనని తేలింది. 1933లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక రైతు గడ్డకట్టని ఆవు నెత్తురు పాలక్యానులో పోసుకుని, మంచు కురుస్తుంటే కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రజ్ఞుడి దగ్గరికి తెచ్చాడు. ఆ నెత్తురు మీద మొదలైన పరిశోధనలోంచే వార్ఫరిన్ పుట్టింది. 1948లో అది ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చింది. 1954లో మనుషులకి వాడటానికి అనుమతి దొరికింది. మర్నాటి ఏడు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చినప్పుడు ఆయనకీ ఇచ్చారు. ఎసిట్రోమ్ దానికి తోబుట్టువు. ఈ కథ చెబితే మా ఆసుపత్రిలో ఒకాయన "అయితే నాకు ఎలుకల మందు పెడుతున్నారన్నమాట" అని మాత్రలు మానేయబోయాడు! విషమూ మందూ కావడం మోతాదును బట్టి వుంటుంది. ఆ మోతాదు సరిచూసుకోవడానికే ఐ.ఎన్.ఆర్. పరీక్ష. గుండె ఎడమ వైపున రెండు గదుల మధ్య వుండే కవాటం చోట మెటల్ వాల్వు వేసినవారికి ఇది సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య వుండాలి. మీవారికి ఎంత వుండాలో ఆపరేషన్ చేసినవారు పుస్తకంలో రాసే వుంటారు.

మెటల్ వాల్వు ఎంత మంచిదైనా శరీరానికి అది పరాయి వస్తువు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో తయారైన మన చిత్ర వాల్వును మొదటిసారి 1990 డిసెంబరు 6న మనిషి గుండెలో అమర్చారు. విదేశీ వాల్వుల కంటే తక్కువ ధరకి అది వేలమంది బీదవాళ్ళ గుండెల్లో పనిచేస్తోంది. కాని దేశవాళీదైనా విదేశీదైనా, మాత్ర ఆపితే దాని అంచుల్లో నెత్తురు పేరుకుంటుంది. తలుపు బందుల్లో తుప్పు పట్టినట్టు వాల్వు బిగుసుకుపోవచ్చు. లేదా అక్కడ కట్టిన గడ్డ ఊడి మెదడులోకి పోయి పక్షవాతం రావచ్చు. ఒక్క పూట మరిచిపోతే కొంపలు మునగవు (మర్నాడు రెండు కలిపి మాత్రం వేసుకోకండి). రాయి పడిపోయేదాకా మానేద్దాం అనుకుని వారాల తరబడి మానేయడం ప్రాణం మీదికి తెస్తుంది. రాయి వల్ల మనిషి చనిపోవడం అరుదు. వాల్వు బిగుసుకుపోతే ఆసుపత్రికి చేరేలోపే కథ ముగిసిపోవచ్చు.

ఇక్కడ ఇంకొక సంగతి. ఈ మాత్ర వాడేవారికి డొక్కలో నొప్పి వస్తే ప్రతిసారీ అది రాయే అనుకోరాదు. మోతాదు ఎక్కువై వీపు లోపలి కండల్లో నెత్తురు చేరినా అచ్చం ఇలాగే వుంటుంది. మోతాదు తక్కువై గుండెలో కట్టిన గడ్డ మూత్రపిండపు రక్తనాళానికి అడ్డుపడినా ఇలాగే వుంటుంది. వైద్యాలు మాత్రం పూర్తిగా వేరు. అందుచేత నొప్పి వచ్చిన రోజే ఐ.ఎన్.ఆర్., స్కానింగ్ రెండూ కావాలి. మూత్రం ఎర్రగా వచ్చినప్పుడు కూడా "ఆ మాత్ర వల్లేలే" అని సరిపెట్టుకోకూడదు. ఐ.ఎన్.ఆర్. సరిగా వుండి కూడా నెత్తురు పడుతోందంటే లోపల రాయో, పుండో, కణితో వుందేమో చూసి తీరాలి.

మూత్రంలో మంటగా వుందని మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనడం మన దగ్గర మామూలే. సెప్ట్రాన్ వంటి సల్ఫా మాత్రలు, మెట్రోనిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్ - ఇవి ఎసిట్రోమ్ బలాన్ని నాలుగైదు రోజుల్లోనే పెంచేస్తాయి. మూడు దగ్గర వుండే ఐ.ఎన్.ఆర్. ఏడెనిమిదికి పోవడం నేను చూశాను. ఇన్ఫెక్షన్‌కి మందు వాడవలసిందే, కాని డాక్టరుకి చెప్పి, మూడు నాలుగు రోజులకొకసారి పరీక్ష చేయించుకుంటూ వాడాలి.

కొండపిండాకు సంగతి. మీ ఆడపడుచు భర్తగారు మంచి మనసుతోనే చెప్పి వుంటారు. కొండపిండాకు, పల్లేరుకాయలు, అరటిదవ్వ రసం, ఉలవకట్టు మన పెద్దలు తరతరాలుగా వాడినవే. వాటిలో కొన్ని మూత్రాన్ని ఎక్కువ చేస్తాయి కనుక చిన్న రాయి కదలడానికి సాయపడవచ్చు. కాని మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే కషాయం లేదు, ఇంగ్లీషు మందూ లేదు. యూరిక్ ఆమ్లపు రాళ్ళు మాత్రం మందుతో కరుగుతాయి. మీవారిది ఏ రకమో సి.టి. స్కాన్‌లో కొంతవరకు తెలుస్తుంది. కషాయంలో ఏ మోతాదులో ఏముందో, అది ఎసిట్రోమ్‌తో కలిస్తే ఏమవుతుందో లెక్క కట్టినవాళ్ళు లేరు. లెక్క లేనిదాన్ని, లెక్కతో నడిచే మందుకి జత చేయవద్దనే నా సలహా. బీరు తాగితే రాయి పడిపోతుందన్న మాట భీమవరం నుంచి తాడేపల్లిగూడెం దాకా ఎక్కడ చూసినా వినిపిస్తుంది. అది చెప్పేవాళ్ళకి రాయి మీద కంటే బీరు మీద ప్రేమ ఎక్కువని నా అనుమానం. మద్యం ఈ మాత్రకి బద్ధశత్రువు.

నీళ్ళు తాగమని అందరూ చెప్పే వుంటారు. ఎండలో చెరువు గట్ల మీద మేత చల్లేవాళ్ళు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా వుండేవాళ్ళు పొద్దుట్నుంచీ ఒక్క సీసా నీళ్ళతో గడిపేస్తారు. వచ్చేది చెమటగా పోతుంది, మూత్రం చిక్కబడుతుంది, రాయి పెరుగుతుంది. "మా ఊరి నీళ్ళు మంచివి కావండీ, అందుకే రాళ్ళు" అంటారు. నీటి రుచి కంటే తాగిన కొలత ముఖ్యం. మూత్రం ఎండుగడ్డి రంగుకంటే లేతగా వుండాలి. రోజు మొత్తం మీద రెండున్నర లీటర్ల మూత్రం పోయేలా తాగాలని లెక్క. అయితే అమ్మా, ఇది అందరికీ చెప్పే లెక్క. మీవారికి కాళ్ళవాపు, ఆయాసం వుండి లాసిక్స్ మాత్ర వాడుతున్నట్లయితే, ఎంత తాగాలో గుండె డాక్టరుగారే చెప్పాలి. రాయి కోసం బిందెడు తాగి ఊపిరితిత్తుల్లో నీరు చేరి వచ్చినవాళ్ళున్నారు.

ఆకుకూరల విషయంలో ఇంట్లో ఆడవాళ్ళకి పెద్ద చిక్కు. గుండె డాక్టరు విటమిన్ 'కె' అంటారు, కిడ్నీ డాక్టరు ఆక్సలేట్ అంటారు, ఇద్దరి వేలూ పాలకూర మీదే వుంటుంది. గోంగూర, మునగాకు, తోటకూర బొత్తిగా మానేయనక్కరలేదు. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే ఆ రెండుసార్లే, అదే కొలతలో తినండి. కార్తీకమాసం నెలంతా ఆకుకూరలు, ఆ తరువాత నెలంతా మాంసం అన్నట్టు వుండకూడదు. అలా చేస్తే ఐ.ఎన్.ఆర్. ఊయల ఊగుతుంది. పాలకూర, చుక్కకూర మాత్రం రాయి వున్నవారు తగ్గించడం మంచిది. తిన్ననాడు అదే అన్నంలో పెరుగు కూడా వేసుకోవాలి. పెరుగులోని కాల్షియం ఆక్సలేట్‌ని పేగులోనే పట్టుకుని బయటికి పంపిస్తుంది. రాయి వుందని పాలు, పెరుగు మానేయడం తెలియక చేసే పని. ఎక్కువ హాని చేసేది ఉప్పు. ఆవకాయ, ఎండుచేపలు ఈ రెండూ మన వైపు వదలలేనివని నాకు తెలుసు. చేతి కొలత తగ్గించండి. తాజా చేపలకి అభ్యంతరం లేదు, మితంగా.

ఇప్పుడు అసలు రాయి. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్ళలో చాలా భాగం వాటంతట అవే పడిపోతాయి. 10 దాటితే పడటం అరుదు. మీవారిది 7, అటూ ఇటూ కాని కొలత. మూత్రనాళాన్ని వదులుచేసే టామ్సులోసిన్ మాత్ర కొన్నాళ్ళు ఇచ్చి చూస్తారు. లేచి నిలబడినప్పుడు కళ్ళు తిరగవచ్చు, ఈ మనిషి పడి తలకి దెబ్బ తగలకూడదు కనుక రాత్రి వేళ జాగ్రత్త. పడకపోతే తీయాల్సిందే. బయటి నుంచి తరంగాలతో రాయి పగలగొట్టే పద్ధతి, వీపులో రంధ్రం చేసి తీసే పద్ధతి - ఈ రెండూ రక్తం గడ్డకట్టే శక్తి తగ్గివున్నప్పుడు చేయకూడదు. మూత్రపిండం చుట్టూ నెత్తురు చేరుతుంది. మూత్రమార్గం నుంచే సన్నని గొట్టం పంపి లేజరుతో పొడిచేసే యూరెటెరోస్కోపీ మీవారిలాంటివారికి తగినది. కోత వుండదు. మాత్ర ఆపడం వీలుకాని రోగులకి ఆపకుండానే చేసిన సందర్భాలు కూడా చాలా వున్నాయి.

ఒకవేళ ఆపవలసి వచ్చినా అది ఇంట్లో మీరు ఆపేది కాదు. గుండె డాక్టరూ, యూరాలజిస్టూ మాట్లాడుకుని తేదీలు వేస్తారు. ఎసిట్రోమ్ అయితే సుమారు మూడు రోజుల ముందు, వార్ఫరిన్ అయితే అయిదు రోజుల ముందు ఆపి, ఆ ఖాళీలో మెటల్ వాల్వు వున్నవారికి హెపారిన్ ఇస్తారు. ఆ ఇంజక్షన్ చూసి కంగారుపడవద్దు. అది పొట్ట మీద చర్మం కింద సన్నని సూదితో చేసేది, కండలోకి కాదు. పని కాగానే మళ్ళీ మాత్ర మొదలు. గుండె లయ తప్పి ఈ మాత్ర వాడే పెద్దవయసు వారిలో చాలామందికి ఈ హెపారిన్ అవసరం లేదని 2015లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన తేల్చింది. మెటల్ వాల్వు వారి సంగతి వేరు. పక్కింటాయనకి ఇవ్వలేదు కదా అని పోల్చుకోవద్దు.

కొత్తగా వచ్చిన డాబిగాట్రాన్, రివరాక్సబాన్, ఎపిక్సబాన్ మాత్రలు వాడుతున్న పాఠకులు కూడా వుంటారు. మెటల్ వాల్వుకి అవి పనికిరావు. వాటికి ఐ.ఎన్.ఆర్. అక్కరలేదు, కాని అవి ఎక్కువో తక్కువో మూత్రపిండాల ద్వారా బయటికి పోయేవి, డాబిగాట్రాన్ అయితే చాలా భాగం. రాయి అడ్డుపడి క్రియాటినిన్ పెరిగితే మందు ఒంట్లోనే నిలిచిపోతుంది. ఏడాది లోపల గుండెకి స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు కూడా రాయి పేరు చెప్పి వాటిని సొంతంగా మానేయరాదు.

పెళ్ళి విషయానికి వస్తాను. మూడు నెలలు ఆగవచ్చునా అంటే, ఆగకూడదు. నొప్పి తగ్గింది కదా అనుకుంటారు. మూత్రనాళంలో రాయి అలాగే వుండి నొప్పి తగ్గిపోవడం మామూలే. లోపల మూత్రపిండం ఉబ్బుతూ మెల్లగా చెడిపోతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకంటే ఎక్కువ కాలం ఎదురుచూడటం మంచిది కాదు. మీ లెక్క ప్రకారం ఇప్పటికే నెల అయింది. ఈ వారమే మళ్ళీ స్కాన్ తీయించండి. పడిపోయి వుంటే సంతోషం. లేకపోతే ఇప్పుడే తీయించుకుంటే పెళ్ళినాటికి మీవారు పీటల మీద హాయిగా కూర్చుంటారు. ఆపుకున్నారంటే, ఆ పెళ్ళి హడావుడిలో నీళ్ళు తాగక, మాత్ర మరిచిపోయి, అర్ధరాత్రి నొప్పి వస్తే పందిట్లో ఎవరో ఒకరు నడుముకి ఇంజక్షన్ చేయించేస్తారు. ఈలోగా చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, విరేచనం నల్లగా వచ్చినా, మాట తడబడినా, కాలో చెయ్యో పట్టుతప్పినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఒక్కోసారి రాయి తీశాక మూత్రనాళంలో తాత్కాలికంగా చిన్న గొట్టం వుంచుతారు. దాన్నీ స్టెంటు అనే అంటారు, గుండెకి వేసేది కాదు. అది వున్నన్నాళ్ళూ మాటిమాటికీ మూత్రం వచ్చినట్టుంటుంది, కాస్త ఎరుపు కూడా కనిపించవచ్చు. కొద్ది వారాల్లో తీయించేయాలి. బాగానే వుంది కదా అని మరిచిపోయి, రెండేళ్ళ తరువాత దాని మీద రాళ్ళు కట్టాక వచ్చినవాళ్ళని చూశాను. కాబట్టి అమ్మా, అది తీసే తేదీ అడిగి తెలుసుకుని, పెళ్ళి ఖర్చుల పుస్తకంలో ముహూర్తం రాసుకున్న పేజీలోనే రాసి పెట్టుకోండి.